కర్చీఫ్ వేసిన కుర్చీ

జూన్ నెల రెండో సోమవారం ఉదయం పదకొండూ ఇరవైకి సీనియర్ అసిస్టెంట్ మేడిశెట్టి త్రిమూర్తులు టీ తాగి తిరిగి వచ్చేసరికి, ఆయన ఉద్యోగం ఆయన కర్చీఫ్ చేస్తూ ఉంది. తెల్లటి నూలు కర్చీఫ్, ఎర్ర అంచు. నాలుగు మడతలు పెట్టి కుర్చీలో వేసి వెళ్ళాడు, అది అక్కడే ఉంది. ఇందులో దాని తప్పేమీ లేదని ముందే చెప్పుకోవటం న్యాయం.

ఆఫీసు కాకినాడలో ఓడరేవుకు వెళ్ళే రోడ్డు మీద, రెండో అంతస్తులో. ఓడల్లో వచ్చే పోయే సరుకుకు బీమా చేసే సంస్థ అది. బియ్యం తడిశాయనీ, పంచదార కరిగిపోయిందనీ వర్తకులు పెట్టే అర్జీలు చూడటం త్రిమూర్తులు పని. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాడు. తడిసిన బస్తాలోంచి చారెడు గింజలు తెచ్చి బల్ల మీద పోస్తే, ముక్కు దగ్గర పెట్టుకుని అది వాన నీళ్ళ తడో సముద్రపు నీళ్ళ తడో చెప్పేసేవాడు. ఎక్కువసార్లు నిజమయ్యేది. ఆ విద్యకు ఏ ఫారంలోనూ గడి లేదు కాబట్టి ఎవరూ ఎప్పుడూ రాసుకోలేదు.

ఏప్రిల్‌లో హెడ్డాఫీసు వాళ్ళు కుర్చీలు తగ్గించారు. ఇరవై ఆరుగురికి పంతొమ్మిది కుర్చీలు. కుర్చీ ఎవరి సొంతమూ కాదనీ, ముందు వచ్చినవారు కూర్చోవచ్చనీ, దీనివల్ల సిబ్బందిలో చలాకీతనం పెరుగుతుందనీ సర్క్యులర్ వచ్చింది. మిగతా ఏడుగురు ఎక్కడుంటారని ఎవరో అడిగితే, ఏ సమయంలోనైనా ఏడుగురు బాత్రూములోనో సెలవులోనో ఉంటారని అధ్యయనంలో తేలిందని జవాబు వచ్చింది. మేలో ప్రతి బల్ల మీదా ఒక కెమెరా బిగించారు. ఆ కెమెరాల వెనక ఉన్న యంత్రం పేరు సన్నిధి. ఎవరు సీటులో ఎంతసేపు ఉన్నారో చూస్తుంది, రాసుకుంటుంది, అవసరమైతే ఆడగొంతుతో మాట్లాడుతుంది. ఎక్కడ పుట్టిందో గానీ మా జిల్లాకు వచ్చిన వారంలోనే మాట చివర ‘అండీ’ చేర్చటం నేర్చుకుంది. మర్యాదలో దానికి వంక పెట్టలేం.

టీకి లేస్తే సీటు పోతుంది. అలాంటప్పుడు గోదావరి జిల్లాల మనిషి ఏం చేస్తాడు? బస్సు దగ్గర ఏం చేస్తాడో అదే చేస్తాడు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసురుతాడు. అది పడిన సీటు ఇక అతనిది. అతను తాపీగా బీడీ కాల్చుకుని వచ్చినా ఆ సీటు అతనిదే. నిలబడ్డవాళ్ళు తిట్టుకుంటారు గానీ కర్చీఫ్ తీసి కూర్చునే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆ చట్టాన్ని ఏ అసెంబ్లీ చేయలేదు, అయినా ఏ పోలీసూ కాపలా కాయకుండానే నడుస్తోంది. అలా వారం తిరిగేసరికి ఆఫీసులో టీ వేళకు పంతొమ్మిది కుర్చీల్లోనూ పంతొమ్మిది కర్చీఫులు కనిపించసాగాయి.

మిగతావాళ్ళవి సన్నిధి ‘వస్తువు’ అని రాసుకుని వదిలేసింది. త్రిమూర్తులు కర్చీఫ్ మూల మాత్రం నీలం దారంతో ‘మే. త్రిమూర్తులు’ అని కుట్టి ఉంది. ఆయన భార్య సత్యవేణి కుట్టింది. ఏడాదికి డజను కర్చీఫులు పారేసుకునే మనిషి, పేరుంటే ఎవరైనా తెచ్చిస్తారు గదాని ఆవిడ ఆశ. ఒక పెట్టెలో మూడు వస్తే మూడింటి మీదా కుట్టింది, డయాలసిస్ మంచం మీద ఎడమ చేతికి సూదులు పెట్టించుకుని, కుడి చేత్తో. చూపు కిందికి వంచి కుట్టుకుంటూ ఉంటే నాలుగు గంటలు తొందరగా గడుస్తాయని అనేది.

సత్యవేణికి రెండు కిడ్నీలూ పాడై మూడేళ్ళయింది. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రిలో నాలుగేసి గంటలు యంత్రం మీద ఉండాలి. ఒక్క వారం తప్పితే ఒళ్ళంతా నీరు పట్టేస్తుంది, రెండు వారాలు తప్పితే చెప్పుకోవటానికి ఏమీ ఉండదు. ఆ నాలుగు గంటలూ నడిచేది త్రిమూర్తులుకు ఆఫీసు ఇచ్చిన వైద్య కార్డు మీద. ఆయన ఉద్యోగమంటే ఆవిడ రక్తమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనుకోరు.

ఇంతకీ ఆ సోమవారం ఆయన కర్చీఫ్ తీసి కూర్చుందామని చెయ్యి చాచాడు.

“క్షమించండి. ఈ సీటులో త్రిమూర్తులు గారు ఉన్నారండీ” అంది సన్నిధి.

“నేనే త్రిమూర్తుల్ని.”

“మీరు సందర్శకులండీ. త్రిమూర్తులు గారు తొమ్మిదిన్నర నుంచీ సీటులోనే ఉన్నారు. వారిని సీటులోంచి తీసేస్తే రాజీనామా కింద నమోదవుతుందండీ. వారి మీద ఆధారపడినవారి సదుపాయాలు కూడా ఆగిపోతాయండీ.”

త్రిమూర్తులు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్క సీటు ఇందుమతి వంక చూశాడు. పద్నాలుగేళ్ళుగా ఆయన పక్కన పనిచేస్తున్న మనిషి.

“ఏవిటమ్మా ఇది? నా కర్చీఫే గదా అది.”

“మీదేనండీ, కాదని ఎవరన్నారు?” అంది ఇందుమతి ఇబ్బందిగా. “కానీ కర్చీఫ్ వేసిన సీటు గదండీ. ఎలా తీస్తాం చెప్పండి?”

ఆవిడ అన్నదానిలో అబద్ధం లేదు. త్రిమూర్తులు కూడా యాభై నాలుగేళ్ళ జీవితంలో ఏనాడూ వేసిన కర్చీఫ్ తీసి కూర్చోలేదు.

బ్రాంచి మేనేజరు పేరు ఉదయభాస్కర్. చెడ్డవాడేం కాదు. ఎవరు ఏడ్చినా ముందు నీళ్ళ సీసా మూత తీసి ఇస్తాడు. ఆయన గదిలో పెద్ద కుర్చీ, దాని వీపు మీద తెల్లటి టర్కీ తువ్వాలు ఉంటాయి. త్రిమూర్తులు చెప్పిందంతా విని కంప్యూటరు ఆయన వైపు తిప్పాడు.

“చూడండి త్రిమూర్తులు గారూ, నా చేతుల్లో ఏవుంది? పొద్దున్నించీ సీటులోంచి లేవలేదు. ఫోను చూడలేదు. పక్కవాళ్ళతో ఒక్క మాట మాట్లాడలేదు. బాత్రూముకి వెళ్ళలేదు. నూటికి నూరు హాజరు. మీకు కిందటి నెల అరవై ఒకటి వచ్చింది.”

“మంగళవారం, శుక్రవారం ఆసుపత్రికి వెళ్తానండీ. మీకు తెలుసు గదా.”

“నాకు తెలుసండీ, దానికి తెలీదు గదా.”

“పోనీ అది పని చేయదు గదండీ!”

ఉదయభాస్కర్ కంప్యూటరు మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. పని కొలిచే గడి ఎక్కడైనా ఉందేమోనని తెర మీద వెతికాడు. లేదు. “అది వచ్చే ఏడాది పెడతారటండీ” అని, నీళ్ళ సీసా మూత తీసి ముందుకు జరిపాడు.

త్రిమూర్తులు మెడలో సందర్శకుల బిళ్ళ వేశారు. సందర్శకులకు రెండు గంటల పరిమితి కాబట్టి రెండు గంటలకోసారి కిందికి దిగి, వాచ్‌మన్ దగ్గర సంతకం పెట్టి, మళ్ళీ పైకి ఎక్కి వచ్చేవాడు. కలవబోయే ఉద్యోగి పేరు అన్న చోట మొదటిరోజు చెయ్యి ఆడలేదు. తర్వాత అలవాటుగా తన పేరే రాశాడు.

కర్చీఫ్ హాజరు వేయించుకుంటూ ఉండగా అర్జీలు పేరుకున్నాయి. పదో రోజుకు ఒక వర్తకుడు వచ్చి బల్ల గుద్ది అరిచాడు. సీటులో ఉన్న త్రిమూర్తులు గారు ఏ సమాధానమూ చెప్పకపోవటంతో, ఈ ఆఫీసులో ఎప్పుడూ ఇంతేలెమ్మని తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. సంయమనం పాటించినందుకు సన్నిధి కర్చీఫ్‌కు అయిదు మార్కులు కలిపింది. అయినా అర్జీలు కదలాలి గదా. అంచేత ఉదయభాస్కర్ హెడ్డాఫీసుకు రాసి, మేడిశెట్టి త్రిమూర్తులు గారికి ఒక సహాయకుణ్ణి మంజూరు చేయించాడు. ఆ సహాయకుడు త్రిమూర్తులు.

సహాయకుడికి సీటు ఉండదు. కుర్చీ వెనక నిలబడి, కర్చీఫ్ మీద నీడ పడకుండా రెండు చేతులూ చాచి, కీబోర్డు కొట్టాలి. నీడ పడితే కెమెరాకు పేరు కనిపించదు. పేరు కనిపించకపోతే ఉద్యోగి సీటులో లేనట్టు. త్రిమూర్తులు నడుం వంచి, ఒక పక్కకు ఒరిగి, మధ్యాహ్నానికి కాళ్ళు స్తంభాల్లా బిగుసుకుపోతుంటే పని చేసేవాడు. బియ్యం గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని సముద్రమో వానో చెప్పేవాడు. అది కర్చీఫ్ పేరు మీద నమోదయ్యేది. ఆయనకు కోపం రాలేదా అంటే, వచ్చింది. గుండెలు మండిపోయాయి. కానీ మంగళవారం దగ్గరికి వచ్చేసరికి ఆ మంట కుక్కిన పేనులా ఊరుకునేది.

జూలైలో నెల ఉత్తమ ఉద్యోగిగా కర్చీఫ్‌ను ఎంపిక చేశారు. ఫొటో తీసి గోడకు పెట్టారు. చిన్న సభ జరిగింది, సమోసాలు తెప్పించారు. శాలువా కప్పితే పేరు కనపడదు కాబట్టి కుర్చీ చేతి మీద వేశారు. అటెండరు నూకరాజు ఒక సమోసా తెచ్చి త్రిమూర్తులు చేతిలో పెట్టి, “మీ సారుగారికి వచ్చింది గదండీ గురువుగారూ, మీరూ సంతోషించాలి మరి” అన్నాడు. ఎగతాళికి అన్నాడో మనసులో ఉన్నదే అన్నాడో తెలుసుకుందామని త్రిమూర్తులు అతని మొహంలోకి చూశాడు. అతను సమోసా నములుతున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఆగస్టు మొదటి మంగళవారం పడింది. ఆసుపత్రి కౌంటరులో కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. కార్డుదారుడి వివరాలు మారాయనీ, ఆధారపడినవారు శుక్రవారంలోగా ఆఫీసుకు వచ్చి కార్డుదారుణ్ణి గుర్తించాలనీ తెర మీద రాసి వచ్చింది. ఆ రోజుకు ఎలాగో డాక్టరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. మళ్ళీసారి కుదరదని చెప్పింది.

ఇంటికి వచ్చాక త్రిమూర్తులు విషయం చెప్పాడు. సత్యవేణి వాచిన కాళ్ళు పీట మీద పెట్టుకుని వింది.

“నన్ను చూపిస్తే కార్డు పోతుంది వేణీ. నేను సందర్శకుణ్ణట. సందర్శకుడి భార్యకి కార్డు లేదు.”

“మరేం చేద్దామంటారు?”

“దాన్ని చూపించాలి.”

“నేను కుట్టబట్టే గదండీ ఇదంతా!” అంది. “వెధవ కుట్టు, పోతే పోయాయి కర్చీఫులని ఊరుకోలేకపోయాను.”

“నీదేం తప్పు? పారేసుకునేవాణ్ణి నేను గదా.”

గురువారం సత్యవేణి ఉతికిన చీర కట్టుకుని ఆటోలో వచ్చింది. ఆఫీసుకు లిఫ్టు లేదు. రెండంతస్తులు ఎక్కటానికి అరగంట పట్టింది. సిబ్బంది విభాగం ఆవిడ, పేరు ప్రసూన, పాతికేళ్ళ పిల్ల, కాయితాల అట్ట పట్టుకుని వచ్చింది. ఆంటీ గారికి కూర్చోవటానికి ఏదైనా వేయమని నూకరాజుకు చెప్పింది, ఖాళీ కుర్చీ లేదన్నాడతను. ప్రసూన నిజంగానే నొచ్చుకుంది.

“మీ భర్తగారిని చూపించండి ఆంటీ.”

సత్యవేణి కుర్చీలోకి చూసింది. కర్చీఫ్ మడతల్లో దుమ్ము పేరుకుని ఉంది. రెండు నెలలుగా ఉతకలేదు, ఉతకటానికి తీస్తే రాజీనామా. ఆవిడకు ముందు ఆ మురికే కంటపడింది.

“ఇదేనమ్మా.”

“ఎలా గుర్తుపట్టారు? ఇక్కడ రాయాలండీ.”

“ఆ కుట్టు నా చేతి కుట్టమ్మా. వెయ్యింట్లో ఉన్నా పోల్చుకుంటాను.”

ప్రసూన రాసుకుంది. తర్వాత కుర్చీ వెనక నిలబడ్డ మనిషిని కలంతో చూపించింది. “వీరెవరు? మీకేవవుతారు?”

సత్యవేణి ఆయన మొహం వంక చూడలేదు. కుర్చీ వీపు పట్టుకున్న ఆయన వేళ్ళ వంక చూసింది.

“మా వూరాయనండీ. తోడొచ్చారు” అంది.

ఎక్కడ సంతకం పెట్టాలో ప్రసూన చూపించింది, ఆవిడ పెట్టింది. మెట్లు దిగేటప్పుడు త్రిమూర్తులు రెక్క పట్టుకోబోతే సత్యవేణి మెల్లగా విడిపించుకుంది. మెట్ల మీద కూడా కెమెరా ఉంది. కింద ఆటోలో కూర్చున్నాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన ఆటో పక్కన నిలబడి, “బాగానే చెప్పావు వేణీ, బాగానే చెప్పావు” అంటూ ఉన్నాడు. మర్నాడు శుక్రవారం కార్డు పెడితే పచ్చదీపం వెలిగింది.

కర్చీఫ్‌కు ఉత్తమ ఉద్యోగి ఇచ్చారన్న కబురుతో మిగతావాళ్ళు కూడా ఊరుకోలేదు. ఇళ్ళలో సూదీ దారం బయటికి వచ్చాయి. ఇందుమతి తన పేరు గులాబీ రంగుతో కుట్టుకుని, చివర ఒక చిన్న పువ్వు కూడా వేసింది. పువ్వు సన్నిధికి అర్థం కాక ఆవిడకు రెండు మార్కులు తగ్గాయి. ఆగస్టు నెలాఖరుకు పంతొమ్మిది కుర్చీల్లో పంతొమ్మిది కర్చీఫులు, వాటి వెనక పంతొమ్మిదిమంది సహాయకులు. ఆలస్యంగా మేలుకున్న ఏడుగురికి కుర్చీ దొరకలేదు, అంచేత వాళ్ళు లేరు. హాజరు నూటికి నూరు. ఏసీ శబ్దం తప్ప ఏమీ వినపడదు. ఇంత ప్రశాంతమైన బ్రాంచి దేశంలోనే లేదని హెడ్డాఫీసు వాళ్ళు ప్రశంసా పత్రం పంపించారు.

ఆ పత్రం అందుకోవటానికి ఉదయభాస్కర్ హైదరాబాదు వెళ్ళి రెండు రోజులకు తిరిగి వచ్చాడు. గది తలుపు తోయబోతే, మేనేజరు గారు లోపల ఉన్నారండీ అంది సన్నిధి. పెద్ద కుర్చీ వీపు మీద టర్కీ తువ్వాలు ఉంది. చాకలికి వేసేటప్పుడు మారిపోకుండా ఆరేళ్ళ కిందట దాని అంచున ‘బ్రాంచి మేనేజరు’ అని ఆయనే కుట్టించుకున్నాడు. ఉదయభాస్కర్ చేతిలో పత్రంతో తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాడు. నూకరాజు వచ్చి చూసి, నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. సాయంత్రానికి ఆయన మెడలో కూడా బిళ్ళ పడింది. ఇప్పుడు ఆయన తువ్వాలు వెనక నిలబడి సంతకాలు పెడుతున్నాడు. ఒక మధ్యాహ్నం వచ్చి త్రిమూర్తుల్ని పక్కకు పిలిచి, నడుం నొప్పికి ఏ పక్కకు ఒరగాలో అడిగి తెలుసుకుని వెళ్ళాడు.

సెప్టెంబరులో ఆసుపత్రి వాళ్ళు ఒక కొత్త నిబంధన పెట్టారు. కార్డుదారుడు నాలుగు గంటలూ రోగి పక్కన ఉండాలి, దొంగ కార్డులు అరికట్టటానికి. కర్చీఫ్ ఆఫీసు వదిలి రావటానికి లేదు. త్రిమూర్తులు అర్జీ రాశాడు. ఒకే పెట్టెలో, ఒకే రోజున, ఒకే చేత్తో కుట్టిన మరో రెండు కర్చీఫులు ఇంట్లో ఉన్నాయనీ, వాటిలో ఒకదాన్ని కార్డుదారుడి తరఫున అనుమతించాలనీ ప్రార్థించాడు. పెట్టె అట్ట, దుకాణం చీటీ జతచేశాడు. తొమ్మిది రోజుల్లో అనుమతి వచ్చింది. ఇంత తొందరగా ఏ కాయితమూ రాలేదని అందరూ ఆశ్చర్యపోయారు. సహాయకుడు సెలవు పెట్టనక్కర్లేదు కాబట్టి మంగళవారం, శుక్రవారం ఆయనకు ఆసుపత్రికి వెళ్ళటం కూడా సులువయింది.

మంగళవారం మధ్యాహ్నం. సత్యవేణి మంచం పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంది. త్రిమూర్తులు జేబులోంచి ఉతికిన కర్చీఫ్ తీసి, నాలుగు మడతలు పెట్టి, పేరు పైకి కనపడేలా కుర్చీలో వేశాడు. గోడ మీది కెమెరా పక్కన పచ్చదీపం వెలిగింది. నర్సు వచ్చి సూదులు పెట్టింది. గొట్టాల్లో ఎర్రగా కదలటం మొదలైంది. ఆయన కుర్చీ వెనకకు వెళ్ళి, నీడ పడకుండా ఒక పక్కకు ఒరిగి నిలబడ్డాడు.

గంట గడిచింది. రెండో గంట నడుస్తోంది. సత్యవేణి మగతలోంచి కళ్ళు తెరిచింది. ఆయన ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకోవటం కనిపించింది.

“ఎంతసేపని అలా నిలబడతారండీ? కాసేపు కూర్చోండి.”

త్రిమూర్తులు కుర్చీలోకి వంగి చూశాడు. ఎర్ర అంచు, నీలం దారం. తర్వాత వార్డంతా ఒకసారి కలయజూశాడు, దాని తాలూకు మనిషి ఎక్కడైనా కనిపిస్తాడేమోనని.

“ఎవరో కర్చీఫ్ వేశారే” అన్నాడు.

సత్యవేణి కూడా తల తిప్పి ఆ కుట్టు వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి కదలకుండా మెల్లగా వెల్లకిలా సర్దుకుంది.

“టీకి వెళ్ళుంటారు. వచ్చేస్తారు లెండి” అంది.

యంత్రం తిరుగుతూ ఉంది. ఇంకా రెండు గంటలు ఉంది.